గుమ్మం నుంచి గుమ్మానికి

మలుపుల మేస్త్రి అన్న పేరు అతనికి టాక్సీ స్టాండులోని తోటి డ్రైవర్లు పెట్టింది. కొండదారిలో ఉన్న అరవై నాలుగు మలుపుల్లో ఎక్కడ గేరు మార్చాలో, ఎక్కడ హారను కొట్టాలో, ఎక్కడ ఎదుటి లారీకి దారిచ్చి పక్కకు తప్పుకోవాలో కళ్ళకు గంతలు కట్టి అడిగినా చెప్పగలడు. ఇరవై రెండేళ్ళుగా అదే దారి, అదే పని. ఇవాళ ఎనిమిదిమందిని వ్యానులో ఎక్కించుకుని కొండల అవతలి ఊళ్ళో దింపడం, మర్నాడు అక్కడివాళ్ళను ఇక్కడికి తీసుకురావడం. దూరం రెండువందల తొంభై ఆరు కిలోమీటర్లు, సమయం అయిదున్నర గంటలు. ఈ రెండు అంకెల మీద ఎవరైనా నోరు జారితే ఒంటికాలి మీద లేచేవాడు.

అలా నోరు జారేవాడు ఇంట్లోనే ఉన్నాడు. స్వయానా భార్య తమ్ముడు. మూడేళ్ళ కిందట ఊరి బయట తెరిచిన చిన్న విమానాశ్రయంలో అతనికి కౌంటరు ఉద్యోగం. టికెట్లు చూడడమే కాదు, ప్రయాణికులను పిలిచే ప్రకటనలూ అతనే చదువుతాడు. డ్యూటీ అయిపోయాక కూడా ఆ గొంతు తగ్గేది కాదు కాబట్టి ఇంటిల్లిపాదీ అతన్ని మైకు అని పిలిచేవాళ్ళు. అక్కా బావల ఇంటి పై వాటాలోనే ఉండేవాడు. భోజనం మాత్రం కింద, అందరితో కలిసి.

"నూట అరవై ఎనిమిది కిలోమీటర్లు, ముప్పై ఏడు నిమిషాలు!" అన్నాడు ఆ గురువారం సాయంత్రం కూడా, కంచం ముందు కూర్చుంటూనే. "బావా, నువ్వు వ్యాను అద్దాలు తుడుచుకునేలోపు మా విమానం అవతల దిగిపోతుంది."

"దిగుతుందిరా, కాదనలేదు. ఎక్కడ దిగుతుంది? ఊరికి యాభై రెండు కిలోమీటర్ల దూరాన, పొలాల మధ్య దిగుతుంది. నేను దింపితే గుమ్మం ముందు దింపుతాను. అదీ తేడా."

"నీ వ్యాను దిగినవాళ్ళకి రెండు రోజులదాకా తల తిరుగుతూనే ఉంటుందట."

"నీ విమానం ఎక్కేవాళ్ళకి ఎక్కకముందే తిరుగుతుంది, మీ ఆలస్యాలకి!"

పక్క గదిలో కుట్టుమిషను చప్పుడు ఆగింది. మేస్త్రి భార్య మెడలో టేపు వేసుకునే బయటకు వచ్చింది. వీధి మొత్తానికి ఆమే దర్జీ. మూడేళ్ళుగా భర్తా తమ్ముడూ రోజూ ఇదే రాగం తీస్తుంటే ఆమెకు చెవిలో జోరీగ దూరినట్టే ఉంది.

"చొక్కా చెయ్యి కొలవమంటే ఒకరు భుజం దగ్గర టేపు పెడతారు, ఇంకొకడు మోచేతి దగ్గర పెడతాడు. కొలత ఎలా కలుస్తుంది?" అంది. "గుమ్మం నుంచి గుమ్మానికి కొలవండి. శనివారం అవతలి ఊళ్ళో అమ్మ ఇల్లు మారుతోంది. పుస్తకాలు మొయ్యడానికి మనుషులు కావాలని మొన్నటినుంచీ ఫోన్లు చేస్తోంది. ఎలాగూ వెళ్ళాల్సిందే. పొద్దున్న ఆరింటికి ఈ గుమ్మంలోంచి ఇద్దరూ ఒకేసారి బయల్దేరండి. అక్కడి గుమ్మం ఎవరు ముందు తొక్కితే వాళ్ళ మాటే మాట. మళ్ళీ ఈ ఇంట్లో ఈ సంగతి ఎత్తకూడదు."

"సరే!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"ఆగండి, పూర్తి కాలేదు. ఎవరి దారిన వాళ్ళు వెళ్తే ఓడిపోయినా ఒప్పుకోరు. వంద సాకులు చెప్తారు. అందుకని మీరు విమానంలో వెళ్తారు. వీడు మీ వ్యాను నడుపుకుంటూ వస్తాడు. వీడు దొంగాట ఆడకుండా నేను వ్యానులో కూర్చుంటాను."

మేస్త్రి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. విమానం ఎక్కడమా అన్నది అతని భయం కాదు. తన వ్యాను, ఇంకొకడి చేతిలో! మైకుకు లైసెన్సు ఉంది, స్నేహితుల కార్లు నడిపిన అలవాటూ ఉంది. కానీ కొండదారి అంటే కౌంటరు దగ్గర కూర్చుని కాగితాలకు ముద్ర వెయ్యడమా? అయినా భార్య ముందు వెనక్కి తగ్గితే పరువు పోతుంది.

"కొండ మీద అరవై దాటకూడదు," అన్నాడు చివరికి, నీళ్ళు తాగి.

"దాటనివ్వను," అంది ఆమె.

*

శనివారం ఆరింటికి వ్యాను కదిలింది. మేస్త్రి వీధి చివరిదాకా దాని వెంటే నడిచి, కిటికీలోంచి తల పెట్టి, "క్లచ్చి మీద కాలు పెట్టుకుని కూర్చోకు, రెండో గేరు కొంచెం మొండికేస్తుంది, బుజ్జగించాలి," అని చెబుతూనే ఉన్నాడు. వ్యాను మలుపు తిరిగి కనబడకుండా పోయాకగానీ తను కూడా పందెంలో ఉన్నాడన్న సంగతి గుర్తు రాలేదు. అప్పుడు పరుగెత్తి బస్సు పట్టుకున్నాడు.

విమానాశ్రయం నలభై నాలుగు కిలోమీటర్లు. చేరేసరికి ఏడుంపావుకు అయిదు నిమిషాలు తక్కువ. విమానం ఎనిమిది నలభైకి. గంటన్నర ముందు వచ్చి ఏం చెయ్యాలో తెలియక అద్దాల్లోంచి ఖాళీ రన్‌వే చూస్తూ కూర్చున్నాడు. తనిఖీ దగ్గరికి వెళ్ళేసరికి కొత్త చిక్కు. అతని సంచీలోంచి ఒక స్క్రూడ్రైవరు, రెండు స్పానర్లు, ఒక కటింగ్ ప్లేయరు బయటపడ్డాయి.

"ఇవన్నీ ఎందుకండీ?" అని అడిగాడు తనిఖీ ఉద్యోగి.

"దారిలో ఏమైనా ఆగిపోతే?" అన్నాడు మేస్త్రి అమాయకంగా.

ఆ మాటకు వెనక వరుసలో ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. సంచీని లోపలికి తీసుకువెళ్ళడానికి వీల్లేదు, కౌంటరులో అప్పగించి రమ్మన్నారు. వెళ్ళి అప్పగించి, మళ్ళీ వరుసలో చివర నిలబడి, లోపలికి వచ్చి కూర్చున్నాక ప్రకటన వినబడింది. కొండల మీద మబ్బు దట్టంగా ఉన్నందున విమానం ఆలస్యంగా బయల్దేరుతుందని. మైకు బదులు ఇవాళ ఎవరో అమ్మాయి చదివింది. మేస్త్రికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. తను ఎద్దేవా చేసిన ఆలస్యం తన నెత్తినే వచ్చి కూర్చుంది. ఈపాటికి వ్యాను ఇరవయ్యో మలుపు దాటి ఉంటుంది.

చివరికి తొమ్మిది యాభైకి విమానం నేలను వదిలింది. ఆ క్షణంలో అతనికి పైప్రాణాలు పైనే పోయాయి. లేని బ్రేకు కోసం కుడికాలు గట్టిగా తొక్కింది. పక్క సీటులో కూర్చున్న ఆవిడ అది గమనించి చిన్నగా నవ్వింది.

"డ్రైవరా మీరు?"

"ఎలా కనిపెట్టారండీ?"

"కాలు చూసి. నేను పళ్ళ డాక్టర్ని. కుర్చీలో కూర్చున్నవాళ్ళు కాళ్ళతో ఏం చేస్తారో చూడడం నాకు అలవాటు. వారానికి రెండు రోజులు అవతలి ఊళ్ళో ఆస్పత్రి. ఎప్పుడూ ఇదే విమానం."

డాక్టరమ్మతో మాట కలిశాక అతని గుండె కుదుటపడింది. మబ్బులు విడిపోయి కిటికీలోంచి కొండలు కనిపించాయి. ఆ కొండల మధ్య, బూడిదరంగు దారం వంకర టింకరగా పడి ఉన్నట్టు, ఏదో ఉంది. మేస్త్రి కళ్ళు చిట్లించాడు. తరవాత కిటికీకి ముక్కు ఆనించాడు.

"అది నా రోడ్డండీ!" అన్నాడు. ఎంత గట్టిగా అన్నాడంటే ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

ఇరవై రెండేళ్ళు. అన్నేళ్ళూ ఆ రోడ్డును అతను ఒకేసారి యాభై గజాలకన్నా ఎక్కువ చూడలేదు. ఈ మలుపు నుంచి ఆ మలుపుదాకా, అంతే. ఇప్పుడు అదంతా ఒక్క కిటికీలో పట్టేసింది. తన జన్మంతా చేసిన పని ఇంతేనా, జానెడేనా అని మనసు చివుక్కుమంది. కానీ చూస్తూ ఉండగా ఆ బాధ ఎటు పోయిందో తెలియదు. చిన్నప్పటి బడిని పెద్దయ్యాక చూసినట్టు ఏదో ముచ్చట కలిగింది. అదిగో పది, అదిగో పదకొండు, అదిగో కాఫీ కొట్టు రేకుల కప్పు మెరుస్తోంది. డాక్టరమ్మకు ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపించాడు.

"నలభై ఒకటో మలుపని ఒకటుందండీ. దాన్ని నేను తిట్టని రోజు లేదు. రోడ్డు తిన్నగా వెయ్యడానికి చోటు ఉండి కూడా ఇంజనీరు ఎందుకో గుట్ట చుట్టూ తిప్పాడు. తాగి గీసుంటాడు అనుకునేవాణ్ణి..." అంటూ ఆగిపోయాడు.

గుట్టకు అవతల ఒక మడుగు ఉంది. ఆకుపచ్చగా, నిండుగా, చుట్టూ రాళ్ళతో. కింద రోడ్డు మీద నుంచి ఎవరికీ కనబడదు. రోడ్డు తిన్నగా వేసి ఉంటే దాని మధ్యలోంచే పోవాలి.

"పాపం, ఇంజనీరు మంచివాడేనండీ," అన్నాడు మేస్త్రి. "ఇన్నేళ్ళు ఊరికే తిట్టాను."

డాక్టరమ్మ అతని భుజం మీదుగా వంగి ఆ మడుగును చూసింది. "నేను ఏడాదిగా ఈ దారిన వెళ్తున్నాను. ఒక్కసారి కూడా కిటికీ వైపు చూడలేదు," అంది. "కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని."

విమానం అప్పుడే కిందికి దిగడం మొదలుపెట్టింది. కొండలు అయిపోయి మైదానం వచ్చింది. రోడ్డు మీద లారీలు అగ్గిపెట్టెల్లా కనబడుతున్నాయి. ఒకటి, రెండు, పది, ముప్పై... అవి కదలడం లేదు. మేస్త్రి మళ్ళీ చూశాడు. వంతెన ముందు ఒక పెద్ద లారీ రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. దాని వెనక వరుస కొండల వైపు పాకింది. వంతెన దగ్గర అలాంటిది జరిగితే సాయంత్రంలోపు విడివడదని అతనికి బాగా తెలుసు. ఆ వరుస తోక నుంచి ఇంకొంచెం వెనక్కి వెళ్తే పెంకుల బట్టీ పొగగొట్టం. సరిగ్గా ఈ వేళకు తన వ్యాను అక్కడికి వస్తూ ఉండాలి.

పది ఇరవై ఏడుకు చక్రాలు నేలను తాకాయి. అరచేతిలో ఫోను పట్టుకుని కూర్చున్నాడు.

ఒక్క క్షణం ఆలోచించాడు. అబద్ధం ఎందుకు, రెండు క్షణాలు ఆలోచించాడు. నోరు మూసుకుని కూర్చుంటే పందెం తనదే. మైకు సాయంత్రందాకా ఆ వరుసలో కూర్చుంటాడు. కానీ పందెం తనది అయితే గెలిచేది విమానం! ఓడేది తన వ్యాను, తన రోడ్డు. పైగా ఎండలో గంటలకొద్దీ ఆ వరుసలో కూర్చునేవాళ్ళలో భార్య కూడా ఉంటుంది. రెండు క్షణాలు అయ్యాక ఫోను కలిపాడు.

"దిగారా?" అంది భార్య. "ప్రాణం బాగుందా?"

"బాగుంది. పెంకుల బట్టీ దాటారా?"

"ఇదిగో, పొగగొట్టం కనబడుతోంది."

"బట్టీ గోడ అయిపోగానే ఎడమకి తిప్పించు. కాలవగట్టు మీద మట్టిరోడ్డు ఉంటుంది. తిన్నగా పోతే పాత వంతెన దాటి మళ్ళీ మెయిన్ రోడ్డు మీదకి తేలతారు. ముందు లారీ అడ్డం పడింది. నేను పైనుంచి చూశాను."

ఫోనులోంచి మైకు గొంతు వినబడింది. "అక్కా, నమ్మకు! మనల్ని గట్టెక్కించి బురదలో దింపి గెలుద్దామని చూస్తున్నాడు!"

"ఒరేయ్, ఇరవయ్యేళ్ళు కాపురం చేశాను. ఆయన కూరలో ఉప్పు తక్కువైతే బాగుందని అబద్ధం చెప్తారు, కొత్త చీర కట్టుకుంటే చూడకుండానే బాగుందని అబద్ధం చెప్తారు. దారి విషయంలో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. తిప్పు ఎడమకి!"

మేస్త్రి ఫోను జేబులో పెట్టుకున్నాడు. డాక్టరమ్మ అంతా వింటూనే ఉంది. పందెం సంగతి విమానంలోనే ఆమెకు పూసగుచ్చినట్టు చెప్పాడు.

"ఎదుటివాళ్ళకి దారి చెప్పి మీరు ఓడిపోతారేమో?"

"ఎందుకు ఓడతానండీ? వాళ్ళు ఇంకా ఎనభై కిలోమీటర్లు రావాలి. నేను వచ్చేశాను కదా!"

వచ్చేశాననుకోవడమే పొరపాటు. సామాను వచ్చే పట్టీ దగ్గర ఇరవై అయిదు నిమిషాలు నిలబడ్డాక అతని సంచీ అందరికన్నా ఆఖరున వచ్చింది. బయటకు పరుగెత్తేసరికి ఉన్న రెండు టాక్సీలూ వెళ్ళిపోయాయి. ఊళ్ళోకి వెళ్ళే బస్సు ఏడు నిమిషాల కిందటే కదిలింది. తరవాతిది పదకొండు ఇరవైకి. రేకుల షెడ్డు కింద బెంచీ మీద డాక్టరమ్మ తాపీగా కూర్చుని పుస్తకం తెరిచింది.

"రోజూ ఇంతేనా అండీ?" అన్నాడు మేస్త్రి, ఊపిరి ఎగపీల్చుకుంటూ.

"రోజూ ఇంతే. అక్కడ మీ ఊరి వైపు ఇంకా అన్యాయం. సోమవారాల్లో బస్సు రాదేమోనని ఒక్కోసారి మూడు గంటల ముందు బయల్దేరతాను."

మేస్త్రి ఆ షెడ్డు కింద ఉన్నవాళ్ళను చూశాడు. పదకొండుమంది. ముప్పై ఏడు నిమిషాల్లో కొండలు దాటినవాళ్ళు, ఇప్పుడు యాభై రెండు కిలోమీటర్లు దాటలేక షెడ్డు నీడ ఎటు జరిగితే అటు జరుగుతున్నారు. అతని బుర్రలో ఏదో కదిలింది. కానీ బస్సు రాగానే పందెం మళ్ళీ గుర్తొచ్చి, అందరికన్నా ముందు ఎక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. దారి పొడుగునా ఆ డ్రైవరు గేరు మార్చిన ప్రతిసారీ మనసులోనే తప్పులు పట్టాడు.

*

అత్తగారు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైంది. రెండో అంతస్తు మెట్లు ఎక్కలేక అదే వీధిలో కింది వాటాకు మారుతోంది. మేస్త్రి రొప్పుతూ వీధి మలుపు తిరిగేసరికి ఆవిడ కొత్త గుమ్మం ముందు కుర్చీ వేసుకుని, ఒళ్ళో నోటుపుస్తకం, చేతిలో పెన్నుతో కూర్చుని ఉంది. పక్కనే గోడకు ఆనుకుని అతని వ్యాను. మోకాళ్ళదాకా కాలవగట్టు దుమ్ము పట్టిన మైకు, రెండు చేతులా పుస్తకాల కట్టలు మోస్తూ పక్కనున్న పాత ఇంటి మెట్లు దిగుతున్నాడు.

"పన్నెండు ముప్పై ఒకటి," అంది అత్తగారు, చేతి గడియారం చూసి. "వాళ్ళు పన్నెండు పదికి వచ్చారు అల్లుడుగారూ. రోడ్డు ఆరు గంటల పది నిమిషాలు. విమానం ఆరు గంటల ముప్పై ఒక్క నిమిషం."

మేస్త్రి ఓడిపోయాడు. అయితే అతని ముఖం చూస్తే ఎవరూ అలా అనుకోరు. పరుగున వెళ్ళి వ్యాను చుట్టూ తిరిగి, టైర్లు తట్టి, బానెట్ మీద చెయ్యి వేసి, "గెలిచావే!" అన్నాడు దానితో.

"బావా, గెలిచింది నేను," అన్నాడు మైకు, పుస్తకాలు కిందపెట్టి. భుజాలు నొక్కుకుంటూ బావ పక్కన మెట్టు మీద కూలబడ్డాడు. "ఆ యాభై మూడో మలుపు దగ్గర నాకు దేవుళ్ళందరూ వరసగా కనబడ్డారు. రోజూ ఎలా నడుపుతావయ్యా బాబూ?"

ఆ మాట కోసం మూడేళ్ళుగా ఎదురు చూశాడు మేస్త్రి. "నువ్వేం తక్కువ నడపలేదు. గేరుబాక్సు ముక్కలు కాలేదు కదా," అని అతని వీపు తట్టాడు. "మీ విమానం కూడా... బాగానే ఉందిరా. కిటికీ మరీ బాగుంది."

అత్తగారికి మాత్రం లెక్క ఇంకా తేలలేదు. అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పొద్దుటినుంచి ఎక్కడెక్కడ ఎంతసేపు పట్టిందో అడిగి రాసుకుంది. బస్సు ఇంత, తనిఖీ ఇంత, ఆలస్యం ఇంత, సంచీ ఇంత, షెడ్డు ఇంత. కూడి, కింద గీత గీసి, పుస్తకం తిప్పి అందరికీ చూపించింది.

"గాల్లో ముప్పై ఏడు నిమిషాలు. నేల మీద అయిదు గంటల యాభై నాలుగు నిమిషాలు. మీ తగువు విమానానికీ రోడ్డుకీ మధ్య కాదు. రోడ్డుకీ రోడ్డుకీ మధ్యే."

"ఆ మబ్బు లేకపోతే విమానమే గెలిచేది," అన్నాడు మైకు.

"నేను ఫోను చెయ్యకపోతే విమానమే గెలిచేది," అన్నాడు మేస్త్రి.

"అయితే మీరు ఇప్పుడు వాడి పక్కా, వాడు మీ పక్కా?" అంది మేస్త్రి భార్య, చీపురు పట్టుకుని లోపలినుంచి వస్తూ. "పుస్తకాలు ఇంకా నాలుగు అలమార్లు ఉన్నాయి. లేవండి ఇద్దరూ!"

సాయంత్రం దాకా మోశారు. మోస్తూ మోస్తూ మేస్త్రి తన బుర్రలో కదిలిన సంగతి బావమరిది చెవిన వేశాడు. కొండదారికి ఈ మధ్య జనం తగ్గుతున్నారు, నిజమే. విమానం ఎక్కేవాళ్ళు పెరుగుతున్నారు. మరి వాళ్ళను ఇంటి గుమ్మం నుంచి విమానం గుమ్మం దాకా తీసుకెళ్ళేదెవరు? మైకు పుస్తకాల కట్టతో మెట్ల మధ్యలోనే ఆగిపోయి, "బావా, విమానం ఆలస్యమైతే నీకు ముందే ఫోను చేసి చెప్తాను. జనం ఇంట్లోనే కాఫీ తాగి తాపీగా బయల్దేరతారు," అన్నాడు. పైనుంచి కట్ట అందిస్తున్న అక్క, "ముందు దిగరా, నా చేతులు పడిపోతున్నాయి," అని అరిచింది.

రెండు వారాలకు మేస్త్రి వ్యాను అద్దం మీద కొత్త కాగితం అంటించాడు. ఇంటి నుంచి విమానాశ్రయానికి, విమానాశ్రయం నుంచి ఇంటికి. మొదటి సోమవారం ఎక్కిన మొదటి మనిషి డాక్టరమ్మ. నెల తిరిగేసరికి స్టాండులో ఇంకో ఇద్దరు డ్రైవర్లు అదే పనిలోకి వచ్చారు. శని ఆదివారాలు మాత్రం మేస్త్రి కొండదారి వదల్లేదు. నలభై ఒకటో మలుపు దగ్గర వ్యాను ఆపి, ప్రయాణికులను గుట్ట ఎక్కించి మడుగు చూపించడం కొత్తగా అలవాటైంది. అందువల్ల అయిదున్నర గంటల ప్రయాణం ఆరు గంటలైంది. అడిగినవాళ్ళకు ఆరు గంటలనే గర్వంగా చెప్పేవాడు.

ఇంట్లో వాదనలు ఆగాయా అంటే, లేదు. ఇప్పుడు కొత్తది పట్టుకున్నారు. విమానానికి రెండు గంటల ముందు రావాలని మైకు, గంట చాలునని మేస్త్రి. భార్య ఈసారి మధ్యలోకి రాలేదు, పందెమూ పెట్టలేదు. ఒక శుక్రవారం చేతిలో ఉన్న కుట్టు పనులన్నీ పూర్తి చేసి, మిషను మీద గుడ్డ కప్పి, నాలుగు రోజులు అమ్మ దగ్గర ఉండి వస్తానని చెప్పింది. భర్త వ్యానులో దింపాడు. తమ్ముడు కౌంటరులో కిటికీ పక్క సీటు రాసి ఇచ్చాడు.

"చూశావా, గంట ముందొచ్చాం, ఎంత ఖాళీగా ఉందో!" అన్నాడు మేస్త్రి కౌంటరు మీద మోచేతులు ఆనించి.

"ఇవాళ శుక్రవారం కాబట్టి ఖాళీ. సోమవారం వచ్చి చూడు, తెలుస్తుంది!"

"సోమవారం నేను రోజూ వస్తూనే ఉన్నానురా!"

"సోమవారం రోజూ ఎలా వస్తావు బావా, వారానికొకసారే కదా వచ్చేది!"

ఇద్దరూ ఆమెనే న్యాయం చెప్పమందామని పక్కకు తిరిగారు. ఆమె అక్కడ లేదు. తనిఖీ దాటి, అద్దం అవతల, చేతిలో చిన్న సంచీతో విమానం వైపు నడుస్తోంది. వెనక్కి తిరిగి చూసి, నవ్వి, చెయ్యి ఊపింది.